బొమ్మను మోసే చుక్క, బొమ్మ మీద స్వారీ చేసే చుక్క

చుక్కలకు వర్గస్వభావం వుంటుందా అని ఒక విద్యార్థి మిత్రుడు నన్ను వేళాకోళంగా అడిగాడు. వుంటుందనే నా అభిప్రాయం. వేళాకోళానికి అడిగిన ప్రశ్నకు ఇంత పెద్ద వ్యాసం జవాబుగా రాయటం ఆయనకు అన్యాయంగా తోచవచ్చు. కాని ఆ చుక్కలూ గీతలూ ఒక ముసలామె రేషను బియ్యానికి అడ్డం వచ్చేదాకా వెళ్ళాయి గనక నేను నవ్వి వూరుకోలేకపోతున్నాను.

ముందు సంగతేమిటో చెబుతాను. ఇవాళ ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లు కంప్యూటరులోనూ సెల్‌ఫోనులోనూ కొల్లలుగా వున్నాయి. వాటిలో ఒక బొమ్మ మీద మరొక బొమ్మను పొరలాగా పరచవచ్చు. 1990లో ఫొటోషాప్ మొదటిసారి బజారులోకి వచ్చినప్పుడు ఈ పొరలు లేవు. 1994లో మూడవ కూర్పుతో వచ్చాయి. పైపొరలో ఏదైనా వుండవచ్చు: పాత పత్రికల చుక్కలు, పాత ఫిల్ము మీది గరుకు, దుమ్ము, గీట్లు, మడతలుపడ్డ కాగితం, నేతగుడ్డ. వీటిని మనం తయారుచేసుకోనక్కరలేదు. కట్టలు కట్టలుగా సిద్ధంగా దొరుకుతాయి, కొన్ని డబ్బుకు, కొన్ని వూరికే. ఫొటోషాప్‌లో టెక్స్చరైజర్ అనే పనిముట్టు ఒకటుంది. దానిలో నాలుగు రకాల తలాలు పెట్టి వుంచారు: ఇటుక, గోనె, కాన్వాసు, ఇసుకరాయి. ఈ జాబితా చూసినప్పుడల్లా నాకు పశ్చిమ ఒడిశా నుంచి పిల్లాజెల్లాతో వచ్చి తెలంగాణా బట్టీల్లో ఇటుకలు కోసేవాళ్ళు జ్ఞాపకం వస్తారు. జూటుమిల్లుల్లో గోనె నేసేవాళ్ళు జ్ఞాపకం వస్తారు. ఒక మీట నొక్కితే ఎవరి ముఖమైనా సరే ఇటుకగోడ మీద అచ్చువేసినట్టు తయారవుతుంది. ఇటుక కోసినవాడు మాత్రం ఏ పొరలోనూ వుండడు.

సరదాకు ఈ పని చేసేవాళ్ళ జోలికి నేను పోను. పెళ్ళిఫొటో మీద మల్లెపూలు చల్లుకునేవాళ్ళను చల్లుకోనివ్వండి. నా తగాదా మనవాళ్ళతో. కరపత్రమూ గోడపత్రికా చిన్న పుస్తకమూ వేసే మన కుర్రవాళ్ళలో ఈ గరుకు ఒక ఆచారమైపోయింది. కార్మికుడి ఫొటో అయితే గరుకు వుండాలి. సమ్మె ఫొటో అయితే చుక్కలుండాలి. రైతు ముఖమైతే ముడతలు చాలనట్టు దాని మీద కాగితం ముడతలు కూడా వుండాలి. లేకపోతే అది "పోరాటంలాగా కనిపించదు" అని నాతో ఒకరు అన్నారు. పోరాటం ఎలా కనిపించాలో ముందే నిర్ణయమైపోయింది గనక, పోరాడే మనిషి ఎలా వున్నాడో చూడటం అనవసరమైపోయింది.

ఇక జరిగింది చెబుతాను. 2023లో ఖమ్మంలో మేము కొందరం ఒక పని పెట్టుకున్నాం. చౌకడిపోలో వేలిముద్ర మిషను గుర్తించని మనుషులను వెతికి, వాళ్ళ వివరాలు రాసి, ఫొటోలతో చిన్న పుస్తకం వేసి, దాన్ని అర్జీతో జతచేసి అధికారులకు ఇవ్వాలనుకున్నాం. ఇలాంటివాళ్ళు ఎక్కువమంది కాయకష్టం చేసేవాళ్ళే. వాళ్ళలో ఒక ముసలామె ముప్పయియేళ్ళుగా మిరపకాయల తొడిమలు తీసే పని చేసింది. ఒంటరి మనిషి, కార్డులో ఆమె పేరు ఒక్కటే. ఆమెకు బదులు వేలు పెట్టేవాళ్ళెవరూ లేరు. కంటిపాపను చూసే మిషను ఆ డిపోలో పనిచెయ్యటం లేదన్నారు. ఫోనుకు అంకెలు పంపుతామన్నారు, ఆమెకు ఫోను లేదు. పదివేళ్ళూ ఒకదాని తరవాత ఒకటి పెట్టి, ఆఖరుకు ఖాళీ సంచితో తిరిగి వచ్చేది. అలా ఆరు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది.

ఆమె వేళ్ళను నేనే ఫొటో తీశాను. నేను ఫొటోగ్రాఫరును కాను, పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. అయినా ఒక సంగతి తెలుసు: వెలుతురు వాలుగా పడితే ఎంత సన్నని గీత అయినా పైకి తేలుతుంది. అందుకని పొద్దున్నే కిటికీ పక్కన కూర్చోబెట్టి, వేళ్ళ మీద ఏటవాలుగా ఎండ పడేటట్టు చూసి తీశాను. ఏమీ తేలలేదు. వేళ్ళకొనలు రుద్దిన సబ్బుబిళ్ళల్లాగా నున్నగా వున్నాయి. అక్కడక్కడా మిరపఘాటుకు చర్మం లేచిపోయిన మచ్చలున్నాయి, అంతే. ఆ ఫొటోలో చూడవలసింది వున్నదాన్ని కాదు, లేనిదాన్ని. గీతలు లేకపోవటమే ఆ ఫొటోకు వస్తువు.

పుస్తకం కూర్చే పని నేను పైన చెప్పిన విద్యార్థి మిత్రుడు తీసుకున్నాడు. తెలివైనవాడు, కష్టపడేవాడు, మంచివాడు. ఆయనకు నా ఫొటో చప్పగా తోచింది. అలల్లాగా వంపులు తిరిగే సన్నగీతల పొర ఒకటి తెచ్చి దాని మీద పరిచాడు. పాతకాలపు చెక్కుడు బొమ్మల్లో నీడ చూపించటానికి అలాంటి గీతలే గీసేవాళ్ళు. ఆయన నాకు అచ్చుకు ముందే చూపించాడు. నేను "బాగుంది" అన్నాను. ఈ మాట దాచి మిగతాది రాస్తే నేను రాసేదంతా దొంగ ఏడుపవుతుంది. నిజంగానే బాగుంది. ఎవరో దేశదేశాల్లో పేరుపొందిన చిత్రకారుడు చెక్కినట్టు వుంది.

మూడువందల ప్రతులు అచ్చయినాయి. అర్జీ ఇవ్వటానికి ముందురోజు అందరినీ పిలిచి తలొక ప్రతీ ఇచ్చాం. ముసలామె తన ఫొటో వున్న పుట తెరిచి చాలాసేపు చూసింది. ఒకసారి పుటను, ఒకసారి తన చేతులను చూసుకుంది. తరవాత నాతో అన్నది:

"గీతలొచ్చినయే సారూ! ఇప్పుడు మిషను ఒప్పుకుంటదా?"

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. చదువుకున్నవాళ్ళు కంప్యూటరుతో ఏదో వైద్యం చేశారనుకుంది. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ పుస్తకాన్ని అర్జీతో జతచేస్తే, తీసుకునే అధికారి ఆ పుట తెరిచి, వేళ్ళకు గీతలు నిక్షేపంగా వున్నాయి గదా అంటే మేము చెప్పటానికేమీ లేదు. ఆయనకు మేమే సాక్ష్యం సరఫరా చేశాం. మూడువందల ప్రతులూ కట్టగట్టి అటక మీద పడేశాం.

ఇది పొరపాటు, ఒక కుర్రవాడి అనుభవలేమి అని సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోలేను. పొరపాటయితే ఒకసారి జరుగుతుంది. ఇది వారం వారం, అచ్చులోనూ ఫోనులోనూ జరుగుతున్నది. ఎక్కడోగాని ముసలామె వంటి పాఠకురాలు దొరకదు, అంతే తేడా.

ఈ చుక్కలూ గీతలూ అసలు ఎందుకు పుట్టాయో మన కుర్రవాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. నాకు చెప్పినవాడు మా మేనమామ. ఆయన 1970ల్లో విజయవాడలో ఒక బ్లాకుల షాపులో పనిచేసేవాడు. అచ్చుయంత్రానికి నలుపూ తెలుపూ తప్ప మరొక రంగు తెలియదు. సిరా అంటితే నలుపు, అంటకపోతే తెలుపు. ఫొటోలో వుండేది ఆ రెంటికీ మధ్య వందలాది ఛాయలు. వీటిని అచ్చుయంత్రం చేత పలికించటానికి కనిపెట్టిన ఉపాయమే హాఫ్‌టోన్. నిలువూ అడ్డమూ సన్నగీతలున్న గాజుపలకను కెమేరాలో నెగెటివుకు ముందుంచి ఫొటోను మళ్ళీ ఫొటో తీస్తారు. ఛాయలన్నీ చుక్కలుగా విడిపోతాయి. చీకటి వున్నచోట పెద్ద చుక్కలు, వెలుగు వున్నచోట చిన్న చుక్కలు. ఆ చుక్కలను జింకు మీదో రాగి మీదో దింపి, యాసిడ్‌తో తినిపిస్తే బ్లాకు తయారవుతుంది. న్యూస్‌ప్రింటుకు అంగుళానికి అరవై, డెబ్భై గీతల ముతక స్క్రీను, ఆర్టుపేపరుకు అంతకు రెట్టింపు సన్నది. మామయ్య వేళ్ళు నత్రికామ్లం తగిలి ఎప్పుడూ పసుపుపచ్చగా వుండేవి. అన్నం కలుపుకుంటూ వుంటే పప్పు రంగేదో, వేళ్ళ రంగేదో తెలిసేది కాదు. ఆయన ఒక్కొక్క బ్లాకును మడతభూతద్దంతో చూసి, చుక్కలు పూడుకుపోయినచోట తిట్టుకునేవాడు. చుక్క కనిపించటం ఆయన దృష్టిలో పనిలో లోపం. చుక్క వుండాలి, దాని పని అది చెయ్యాలి, చదువరికి మాత్రం మనిషి కనిపించాలి. 1980ల్లో ఆఫ్‌సెట్ వచ్చి ఆ షాపులు మూతపడ్డాయి. ఆయన భూతద్దం నా దగ్గర మిగిలింది.

దినపత్రికలో ఫొటోను హాఫ్‌టోన్‌గా అచ్చువేసిన మొదటి సందర్భంగా సాధారణంగా చెప్పేది న్యూయార్కులో 1880 మార్చి 4న డైలీ గ్రాఫిక్ పత్రిక వేసిన బొమ్మ. అది ఏ ప్రభువు బొమ్మా కాదు. ఆ వూళ్ళోని పేదల గుడిసెలవాడ. పదేళ్ళ తరవాత జేకబ్ రీస్ అనే విలేఖరి అదే నగరంలోని ఇరుకుకొంపల బతుకు మీద పుస్తకం వేసినప్పుడు, ఫొటోలు కొన్ని హాఫ్‌టోన్‌లోనూ, కొన్ని చెక్కుడు బొమ్మలుగానూ వచ్చాయి. చెక్కుడు బొమ్మను చూసినవాడు, ఇది చెక్కినవాడి కల్పన కావచ్చునని తప్పించుకోగలడు. చుక్కల్లో వచ్చిన ఫొటో ముందు ఆ వీలు తక్కువ. చుక్క పేదవాడి పక్షాన సాక్ష్యం చెప్పటానికి వచ్చింది.

మన దేశంలో ఈ విద్యను లోతుగా పరిశోధించినవాడు కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురీ, సత్యజిత్ రాయ్ తాతగారు. పిల్లల పుస్తకంలో తన బొమ్మలను ఇతరులు పాడుచేసి అచ్చువేశారన్న బాధతో ఆయన ఈ విద్యలో దిగాడు. 1895లో సొంతంగా బ్లాకుల సంస్థ పెట్టాడు, ఇంగ్లండులో వెలువడే పెన్రోస్ వార్షిక సంచికల్లో స్క్రీనుల కోణాలను గురించీ, వాటి దూరాలను గురించీ వ్యాసాలు రాశాడు. ఆయన లెక్కలన్నీ ఒక్కదానికోసమే: బొమ్మలోని ఛాయ చుక్కల మధ్యనుంచి జారిపోకుండా వుండటం కోసం. 1943లో బెంగాలులో లక్షలాదిమంది ఆకలితో చనిపోతున్నప్పుడు సునీల్ జానా తీసిన ఫొటోలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ వార్‌లో పడ్డాయి. యుద్ధకాలపు అచ్చులో, చుక్కల్లోనుంచి ఆ అస్థిపంజరాలు దేశమంతా తిరిగాయి. ఆ చుక్కలను ఎవరూ అందంకోసం పెట్టలేదు. అవి లేకపోతే ఆ ఫొటో కలకత్తా దాటి వచ్చేది కాదు.

ఇక్కడ నేను చెప్పదలచిన తేడా వుంది. బొమ్మను మోసుకుని జనం దగ్గరకు నడిచి వచ్చిన చుక్క వేరు. బొమ్మ అప్పటికే జనం చేతిలో వుండగా, దాని వీపు మీద ఎక్కి స్వారీచేసే చుక్క వేరు. మొదటిదాన్ని అవసరం కన్నది. రెండోదాన్ని మోజు దత్తత తీసుకున్నది. కూలివాడి తలగుడ్డ బరువు మొయ్యటానికి పుట్టింది. దానినే జమీందారు కొడుకు నాటకంలో కట్టుకుంటే ముచ్చటగా వుంటుంది, తల మీద బరువు మాత్రం వుండదు.

సాంకేతికం తెలిసినవాళ్ళు నన్నిక్కడ పట్టుకోవచ్చు. "హాఫ్‌టోన్ ఫిల్టరు కూడా బొమ్మలోని ఛాయను కొలిచే చుక్క పెడుతుంది గదా, అది గుడ్డిది కాదు గదా" అంటారు. నిజమే. ఫొటోషాప్‌లో కలర్ హాఫ్‌టోన్ అనే ఫిల్టరు చుక్క పరిమాణాన్ని ఛాయను బట్టే నిర్ణయిస్తుంది, ఒక్కొక్క రంగుకు కోణం కూడా అడుగుతుంది. మామూలుగా అందులో ముందే వేసి వుండే అంకెలు 108, 162, 90, 45. అచ్చుపనిలో ఈ కోణాలు ఎందుకు? రంగుల చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి, అడ్డదిడ్డంగా అలల మరకలు రాకుండా. తెరమీద చూసే ఫొటోకు ఆ ప్రమాదమే లేదు. రోగం లేనివాడు మందుసీసా జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టుంది. కొలిచి పెట్టినా ఆ చుక్క, పారేయనక్కరలేని వివరాలను పారేస్తున్నది. మామయ్య చుక్క, పారేయక తప్పని చోట వీలయినంత దక్కించుకున్నది.

సిద్ధంగా అమ్మే పొరల సంగతి ఇంతకన్న అన్యాయం. వాటికి కింద ఏముందో తెలియదు, తెలుసుకోనక్కరలేదు. మంత్రిగారి కోటు మీద పడిన గీతే ముసలామె వేలి మీదా పడుతుంది. అయితే సమానంగా పడుతుందా? లేదు. ఇది లెక్క గనక కాస్త ఓపిక పట్టాలి. మా మిత్రుడు వాడిన పద్ధతికి ఓవర్‌లే అని పేరు. అందులో కిందిబొమ్మ ఛాయ సగంకన్న నల్లగా వుంటే రెండు పొరల ఛాయలనూ హెచ్చవేసి రెట్టింపు చేస్తారు. సగంకన్న తెల్లగా వుంటే అదే లెక్కను తలకిందులు చేస్తారు. ఫలితమేమిటంటే, కిందిబొమ్మలో అచ్చమైన తెలుపు తెలుపుగానే వుండిపోతుంది, అచ్చమైన నలుపు నలుపుగానే వుండిపోతుంది. పైపొర బలమంతా నడిమి ఛాయల మీదనే పడుతుంది. నడిమి ఛాయలంటే ఏవి? మన దేశంలో ఎండలో పనిచేసే మనిషి చర్మం. పక్కన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వుంటే దాని మీద గీటు పడదు. మా పుస్తకంలోనే చూశాను: ముసలామె వేళ్ళ కింద పరిచిన తెల్లగుడ్డ తెల్లగా వుంది. గీతలన్నీ వేళ్ళ మీదనే మొలిచాయి. ఈ సూత్రం రాసినవాడు కుట్రపన్ని రాశాడని నేను అనటం లేదు. వెలుగునీడలు చెడకుండా వుండాలని రాశాడు. కాని లెక్కకు దురుద్దేశం లేనంత మాత్రాన దాన్ని కళ్ళుమూసుకుని వాడటం నిర్దోషం కాదు.

మిత్రులు చెప్పే సమాధానాలు కొన్ని వున్నాయి. "ఇలా చెయ్యకపోతే ఎవరూ చూడరు సార్" అనేది మొదటిది. ఏం చూడాలి? మూడువందలమంది అందమైన గీతలను చూసి, గీతల్లేని వేళ్ళను చూడకపోతే ఆ చూపు మనకెందుకు? సినిమా పోస్టరు ముందు కూడా జనం నిలబడతారు.

"విప్లవ సంప్రదాయమే ఇది" అనేది రెండోది. 1968 మేలో పారిస్ చిత్రకళాశాలలో విద్యార్థులు వేసిన పోస్టర్లు చూపిస్తారు. ఆ పోస్టర్లంటే నాకూ అభిమానమే. అవి ఒక్క రంగుతో, సిల్కుస్క్రీను మీద, రాత్రికి రాత్రి వేలకొద్దీ అచ్చువేసినవి. వాటి ముతకతనం వాళ్ళ తొందరది, వాళ్ళ చేతుల్లో వున్న సరంజామాది. మనవాళ్ళు మచ్చలేని ఫొటో తీసుకుని, రెండు గంటలు కూర్చుని దానికి తొందర అంటిస్తున్నారు. ఆ రెండు గంటల్లో మరో ఇద్దరి వివరాలు రాసుకోవచ్చు.

"మనుషుల ముఖాలు గుర్తుపట్టకుండా కప్పటానికి" అనే మూడో జవాబు వుంది. దీనికి నేను తలవంచుతాను. యజమాని పగబట్టే ప్రమాదమున్నచోట ముఖం కప్పవలసిందే. కాని అలా కప్పదలిస్తే కప్పామని తెలిసేటట్టు నిండుగా కప్పాలి, లేదా ఆ భాగం కత్తిరించాలి. గరుకుపొర కింద ముఖం సగం కనిపిస్తూనే వుంటుంది. యజమానికి ఆ సగం చాలు.

ఇంకొక వాదం చదువుకున్నవాళ్ళది. రాయ్ లిక్టెన్‌స్టైన్ 1961 నుంచీ చవక బొమ్మలకథల పుస్తకాల చుక్కలను పెద్దవిచేసి పటాలు వేశాడు గదా, అది కళ కాదా అంటారు. ఆయన చుక్కను దాచలేదు. మీరు రోజూ చూసే బొమ్మ యంత్రం చేసిన బొమ్మ సుమా అని చుక్కనే వస్తువుగా పెట్టాడు. దాన్ని కొన్నవాళ్ళెవరో, ఆ కథల బొమ్మలు అసలు గీసినవాళ్ళకు ఏం దక్కిందో వేరే వ్యాసానికి సరిపోయే సంగతి. ఆయన్ను అడ్డంపెట్టుకున్నవాళ్ళ చుక్కలో ఆ ప్రశ్న కూడా లేదు. పరుపు గలేబు మీది చుక్కలకూ దానికీ తేడా నాకు కనిపించదు.

అసలు పొర అనేదే పాపమని నేను అంటున్నానా? లేదు. జర్మనీలో జాన్ హార్ట్‌ఫీల్డ్ అనే కమ్యూనిస్టు కళాకారుడు 1932లో కార్మికుల సచిత్ర పత్రిక ఎ.ఐ.జెడ్.లో ఒక బొమ్మ వేశాడు. ఉపన్యాసమిస్తున్న హిట్లరు ఫొటోకు ఛాతీ ఎక్స్‌రేను అతికించాడు. వెన్నెముక వుండవలసిన చోట బంగారు నాణాలు దొంతరగా పేర్చి వున్నాయి. బంగారం మింగి రేకుముక్కలు కక్కుతాడని దాని పేరు. అది కూడా ఫొటో మీద ఫొటో. కాని ఆ పొర కప్పలేదు, విప్పింది. హిట్లరు చొక్కా కింద పెట్టుబడిదారుల డబ్బును చూపించింది. అది మరొకరి ఛాతీ మీద అతకదు, అతని కోసమే చేసినది. మన గరుకుపొరను అడగవలసిన ప్రశ్న ఇదే: నువ్వు ఈ మనిషిని గురించి నాకు తెలియనిదేదైనా చెబుతున్నావా, లేక ఏ మనిషయినా నీకు ఒకటేనా?

ఫొటోషాప్‌ను 2013 నుంచి నెలనెలా కట్టే కౌలు పద్ధతికి మార్చారు, పనిముట్టు పనివాడిది కాకుండా పోయింది. కాబట్టి గింప్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాడితే ఈ బెడద పోతుందని ఒక మిత్రుడు అన్నారు. గింప్ వాడటం మంచిదే, నేనూ వాడతాను. అందులో కూడా న్యూస్‌ప్రింట్ అనే ఫిల్టరు వుంది, చుక్కా గీతా రెండూ పెడుతుంది. కౌలు తప్పించుకోవచ్చును గాని మోజు తప్పించుకోలేం.

ఇన్ని మాటలూ అన్నందుకు మా విద్యార్థి మిత్రుడు నాకు బాగానే బుద్ధిచెప్పాడు. పుస్తకాలు అటకెక్కించిన మర్నాడు వచ్చి, ఆ పుట నా ముందు పెట్టి, ఫొటో కింద నేను రాసిన వ్యాఖ్య చదివాడు. "శ్రమ తన సంతకాన్ని తానే చెరుపుకున్న చేతులు" అని రాశాను నేను. రాసినప్పుడు నాకు అది గొప్పగా వుంది.

"ఆమె చెరుపుకోలేదు గదా సార్. ఆమె చేత అంత పని చేయించినవాళ్ళు చెరిపారు. వాళ్ళు మీ వాక్యంలో ఏరీ?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. చెప్పటానికి లేదు. నా వాక్యం కూడా వేళ్ళ మీద పరిచిన పొరే. అది కొనక్కరలేదు, మన సాహిత్యంలో కట్టలు కట్టలుగా వూరికే దొరుకుతుంది. చెమటను ముత్యాలనీ, కాయలుకాసిన చేతులను పూలనీ రాసేటప్పుడు మనం నొక్కేది ఏ మీటో నాకప్పుడు తెలిసింది. ఆ రోజునుంచి ఆయన్ను నేను విద్యార్థి అనటం మానేసి ఉత్త మిత్రుడే అంటున్నాను. ఈ వ్యాసంలో పాత అలవాటుకొద్దీ మళ్ళీ అన్నాను.

ఇద్దరం కలిసి పుస్తకం మళ్ళీ కూర్చాం. ఫొటో ఎలా తీసినది అలాగే పెట్టాం, కొంచెం వెలుతురు పెంచాం, అంతే. దాని కింద ఆమె చేసే పని, ఎన్నేళ్ళు చేసిందీ, దినకూలి ఎంత, ఏయే నెలల్లో బియ్యం అందలేదు అనేవి రాశాం. డబ్బు అయిపోయింది గనక జెరాక్సు షాపులో లేజరు ప్రింటరు మీద నలభై ప్రతులు మాత్రం తీయించాం. మామయ్య భూతద్దం తీసి మా మిత్రుడికి ఇచ్చాను. ఆయన ఆ కాగితం మీద వంగి చూసి, "ఇక్కడా చుక్కలున్నాయి సార్!" అన్నాడు. వున్నాయి. ప్రింటరు కూడా నలుపు తప్ప బూడిదరంగు ఎరగదు, అదీ చుక్కలతోనే నెట్టుకొస్తుంది. భూతద్దం పక్కన పెట్టి చూస్తే చుక్కలు పోయి వేళ్ళు మిగిలాయి, నున్నగా.

ఆ ప్రతి జతచేసి అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. మరుసటి నెల మొదటివారంలో ముసలామె డిపోకు వెళ్ళి పదివేళ్ళూ ఒకదాని తరవాత ఒకటి పెట్టి చూసింది. సంచీ చంకన పెట్టుకుని మా ఇంటిమీదుగానే వెళ్ళింది. పుస్తకం ప్రతి ఇంకొకటి కావాలని అడిగింది, డిపోవాడికి చూపిస్తుందట. ఇచ్చాను.